వీసా మీద ఏమి రాసి ఉంది?

వానలు లేకుంటే కర్నూలు జిల్లాలో కోసిగి, ఆదోని పక్క ఊళ్లు ఖాళీ అవుతాయి. జనం గుంటూరు పక్క మిరపకోతలకు సుగ్గి పోతారు. దానికి ఏ కాగితమూ వద్దు. మూట కట్టుకొని బండెక్కితే చాలు.

పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, కోడూరు పక్క ఆడవాళ్లు ఇంకా దూరం పోతారు. కువైటుకు, దుబాయికి, మస్కటుకు పోయి ఇళ్లలో పని చేస్తారు. అక్కడికి పోవాలంటే రెండు కాగితాలు కావాలి. ఒకటి పాసుపోర్టు. రెండోది వీసా.

పాసుపోర్టు మన ప్రభుత్వం ఇస్తుంది. "ఈమె మా దేశం మనిషి" అని చెప్పే పుస్తకం అది. వీసా ఆ దేశం వాళ్లు ఇస్తారు. మా దేశానికి రావచ్చు, ఇన్నాళ్లు ఉండవచ్చు, ఈ పని మీద రావచ్చు అని వీసా చెబుతుంది. మోసం జరిగేది ఈ మూడో మాట దగ్గరే.

పనికి పోయేవాళ్లకు పని వీసా ఉంటుంది. చూసి వచ్చేవాళ్లకు విజిట్ వీసా. అంటే చుట్టపుచూపు వీసా. కూతురి కాన్పుకు పోయే తల్లికి అది సరిపోతుంది. దుబాయికి ఈ వీసా మామూలుగా 30 రోజులకో 60 రోజులకో ఇస్తారు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. దీని మీద పోయి జీతానికి పని చేయకూడదు.

ఒక ఊరికి ఏజెంటు వచ్చాడనుకుందాం.

"అక్కా, వారంలో వీసా తెప్పిస్తా. ముందు దుబాయికి పో. ఆడ వీసా మారుస్తారు."

"విమానం కాడ ఎవురన్నా అడిగితే?"

"చుట్టాలింటికి పోతాండా అని చెప్పు."

ఈ మాట వినగానే ఆ అక్కకు అనుమానం రావాలి. పనికి పోయే మనిషి అబద్ధం ఎందుకు చెప్పాలి?

కారణం ఉంది. పదో తరగతి పాసు కాని వాళ్ల పాసుపోర్టు మీద ఈసీఆర్ అని అచ్చు ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి కావాలి. 1983 వలస చట్టం పెట్టిన నియమం ఇది. పని ఇచ్చేవాడు ఎవరు, జీతం ఎంత అని అధికారులు చూస్తారు. ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఇట్లాంటి ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదనీ, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలనీ 2016లో కేంద్రం చెప్పింది. చుట్టపుచూపుకు పోయేవాళ్లకు మాత్రం ఈ అనుమతి అక్కర లేదు. ఏజెంటు దూరేది ఆ సందులోనే. పాతికేళ్ల పిల్లను గూడా ఆ దోవన పంపేస్తాడు.

అట్లా పోయిన మనిషి పేరు పని వాళ్ల లెక్కలో ఉండదు. సేటు జీతం ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలి? పోలీసుల దగ్గరికి పోతే ముందు తప్పు ఆమెదే అవుతుంది.

ఇంటి పని వీసా మీద కువైటుకు పోయిన ఆమె సంగతి వేరు. అక్కడ 2015లో ఇంటి పనివాళ్లకు ఒక చట్టం చేశారు. రోజుకు 12 గంటలు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాసుపోర్టు సేటు దగ్గర పెట్టుకోకూడదు. నెలకు 60 దినార్లకు తక్కువ ఇవ్వకూడదని 2016లో నిర్ణయించారు. పాటించని ఇళ్లు లేవని కాదు. కానీ అడగడానికి హక్కు ఉంటుంది.

వీసా అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఇప్పుడిప్పుడే తెలుగు నేర్చిన అక్కకు అది చదవ రాదు. ఇందులో సిగ్గు పడేది ఏమీ లేదు. వీసా నకలు విమానం కాడ కాదు, వారం ముందే చేతికి ఇమ్మని అడగాలి. వీధిలో పదో తరగతి చదివే పిల్ల చేత చదివించుకోవాలి. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే డబ్బు కట్టకూడదు. కట్టి ఉంటే రసీదు, ఏజెంటు పేరు దాచుకొని పోలీసులకు చెప్పాలి.

పని వీసా అయితే ఇంకో పని ఉంది. సేటు పేరు, ఊరు, ఫోను నంబరు ఆమె తన చేత్తోనే తెలుగులో రెండు కాగితాల మీద రాసుకోవాలి. ఒకటి తన దగ్గర, ఇంకొకటి ఇంట్లో. దాని కిందనే ఈ నంబరు గూడా రాయాలి: 1800 11 3090. ఇది వలస పోయేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సహాయ కేంద్రం నంబరు. మన దేశంలో నుంచి చేస్తే డబ్బులు పడవు.