ఒక్క అంగడి 54 అంగళ్లు ఎట్లా అయింది?

పెండ్లి బట్టలంటే మన పక్క ప్రొద్దుటూరికే పోతారు. జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా బస్సెక్కి వస్తారు. ఇప్పుడు ఒకే పేరుతో చాలా ఊర్లలో బట్టల అంగళ్లు పెడుతున్నారు. అట్లాంటి ఒక అంగడి కథ చెప్తాను.

కళామందిర్ పెట్టినాయన చలవాది ప్రసాద్ గారు. ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. 2005లో హైదరాబాదు అమీర్‌పేటలో మొదటి అంగడి తెరిచారు. భార్య ఝాన్సీరాణి గారు కూడా కంపెనీలో డైరెక్టరు. 2023 జూలై ఆఖరుకు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడులలో 54 అంగళ్లు అయినాయి.

ఎట్లా పెరుగుతాయి?

1. చీర మగ్గం నుంచి మన చేతికి వచ్చేలోపల ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. ప్రతి చేతికీ కొంత లాభం. అంగళ్లు ఎక్కువుంటే ఒకేసారి వందల చీరలు నేరుగా కొనొచ్చు. మధ్య చేతులు తగ్గుతాయి.

2. అందరి దగ్గరా ఒకే డబ్బు ఉండదు. అందుకే కంచిపట్టుకు వరమహాలక్ష్మి, ఇంటిల్లిపాది బట్టలకు కేఎల్ఎం అని ఈ కంపెనీ వేరువేరు అంగళ్లు పెట్టింది.

3. అమ్ముడుపోని చీర అంటే ఇరుక్కుపోయిన డబ్బు. ఒక ఊర్లో పోనిది ఇంకో ఊరికి పంపొచ్చు. దానికి రోజూ లెక్క రాయాల.

2023 సెప్టెంబరులో కంపెనీ వాటాలు జనానికి అమ్మింది. ఒక్క వాటా 222 రూపాయలు. మొత్తం 1,201 కోట్లు వచ్చింది. అందులో 600 కోట్లు కంపెనీకి, మిగతాది వాటాలు అమ్ముకున్న పాతవాళ్లకు.

మధ్య చేతులు తగ్గితే మిగిలే డబ్బు ఎవరికి? కొనేవాళ్లకా, అంగడికా, నేసేవాళ్లకా? జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్క మగ్గాలున్నాయి కాబట్టి ఈ ప్రశ్న మనది కూడా.

మా తండాకు చీరలు మూటలో వస్తాయి, కంతుల మీద. అంగట్లో 400 ఉండే చీరకు వారానికి 30 చొప్పున 20 వారాలు కట్టాల. అంటే 600. మా అమ్మకు చదువు రాదు, కట్టిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో గీత పెడుతుంది. సెలవుల్లో నేను లెక్కబెడితే 23 గీతలున్నాయి. 90 రూపాయలు ఎక్కువ పోయింది. ఇప్పుడు నోటుబుక్కులో తేదీ వేసి రాస్తున్నాము.

54 అంగళ్లకైనా, ఒక్క చీరకైనా లెక్కే ఆధారం. ఈసారి ఇండ్లకు పోయినప్పుడు మీ అమ్మవాళ్ల కంతుల లెక్క అడిగి రాయండి.