చమురు సిరి నేర్పే పాఠం

సంపద దైవానుగ్రహం. అదే సమయంలో అది పరీక్ష కూడా. దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరాలో ఈ సత్యం ఒక రాజ్యం గాథగా మనకు కనిపిస్తుంది. ఈజిప్టు రాజుకు వచ్చిన కలకు అర్థం చెబుతూ హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్లు పంటలు పుష్కలంగా పండుతాయనీ, ఆ వెంటనే ఏడేళ్లు కరువు వస్తుందనీ హెచ్చరించారు. పండిన దాంట్లో తినడానికి కావలసినంతే తీసుకుని, మిగతా ధాన్యాన్ని వెన్నుల్లోనే భద్రపరచమని ఉపాయం చెప్పారు. సిరికి గడువు ఉంటుంది, ఆ గడువు తీరక ముందే జాగ్రత్తపడాలి అన్నది అందులోని నీతి. చమురు సంపద గురించి ఆలోచించేవారికి ఇంతకు మించిన పాఠం లేదు.

హైదరాబాద్ నేలలో చమురు లేదు కదా, దాని ఊసు మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని చమురు డబ్బు మన వీధుల్లోకి రావడం మొదలై యాభై ఏళ్లు దాటింది. 1973 అక్టోబర్ యుద్ధం తరువాత పీపా ముడి చమురు ధర 3 డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దరిదాపులకు చేరింది. గల్ఫ్ దేశాల ఖజానాలు నిండాయి. రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టాలనుకున్నారు, కాని కట్టే చేతులు అక్కడ చాలలేదు. అలా మన తాపీ మేస్త్రీలు, డ్రైవర్లు, నర్సులు, ఇంజనీర్లు సముద్రం దాటారు. నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బుల సంతతి నివసించే బార్కస్ నుంచి వెళ్లారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లారు. కడప జిల్లా నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. పాతబస్తీలో పెంకుటిళ్లు మేడలయ్యాయి. టోలీచౌకీ లాంటి ప్రాంతాలు చాలా వరకు ఈ సొమ్ముతోనే పెరిగాయి.

ఇలాంటి సొమ్ము ఒక దేశాన్ని ఏం చేస్తుందో నైజీరియా చరిత్ర చెబుతుంది. అక్కడ 1956లో నైజర్ డెల్టాలోని ఓలోయ్‌బిరిలో చమురు దొరికింది. అంతకు ముందు ఆ దేశం వేరుశనగ, కోకో, పామాయిల్ ఎగుమతులతో బతికేది. ముస్లింలు అధికంగా నివసించే కానో నగరంలో వేరుశనగ బస్తాలను పిరమిడ్ల ఆకారంలో పేర్చేవారు. చమురు డాలర్లు వచ్చిపడగానే ఆ దేశపు నాణెం విలువ పెరిగింది. బయటి సరుకు చవకైంది, సొంత పంటకు విదేశాల్లో గిరాకీ తగ్గింది. రైతు కాడి దించి పట్నం దారి పట్టాడు. ఆ పిరమిడ్లు కనుమరుగయ్యాయి. ముడి చమురు అమ్ముకునే దేశమే పెట్రోలును దశాబ్దాల పాటు బయటి నుంచి కొనుక్కుంది. పన్నుల అవసరం లేని ప్రభుత్వానికి ప్రజలకు లెక్క చెప్పాలన్న భయం తగ్గింది. అవినీతి పెరిగింది.

అయితే తప్పు చమురుది కాదు. మలేషియా 1974లో పెట్రోనాస్ అనే ప్రభుత్వ సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ 1997లో సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. అదే ఏడాది ఆ దేశంలో సైబర్‌జయ అనే కంప్యూటర్ నగరం ప్రారంభమైంది. దుబాయ్‌లో 1966లో చమురు బయటపడింది. నిల్వలు తక్కువన్న సంగతి గ్రహించిన పాలకులు ఆ డబ్బుతో రేవులు కట్టారు. 1979లో జెబెల్ అలీ రేవు ప్రారంభమైంది. ఇవాళ దుబాయ్ ఆదాయంలో చమురు వాటా చాలా స్వల్పం. వారిది వెన్నుల్లో ధాన్యం దాచినవారి తెలివి.

ఆ దుబాయ్ మన గడప దాకా వచ్చింది కూడా. అక్కడి ఎమార్ సంస్థ 2003లో ఏపీఐఐసీతో ఒప్పందం చేసుకుని మణికొండ, నానక్‌రామ్‌గూడ ప్రాంతంలో అడుగుపెట్టింది. హైటెక్ సిటీ దగ్గరి అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ 2006లో అలా వెలసిందే. టౌన్‌షిప్ వ్యవహారం మాత్రం వివాదాల పాలై 2011లో సీబీఐ కేసు దాకా వెళ్లింది. పరాయి దేశపు పెట్టుబడి మన ఊరికి వస్తే భవనం లేస్తుంది. ఆ భవనంలో మన పిల్లలు కూర్చునేదీ లేనిదీ మాత్రం వారు చదివిన చదువును బట్టి ఉంటుంది.

ఇక్కడే మనం మనస్సాక్షిని ప్రశ్నించుకోవాలి. 1998 నవంబర్ 22న నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ సంవత్సరమే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడిందీ ఆ ఏడాదే, దాని ఆవరణ కూడా గచ్చిబౌలిలోనే ఉంది. టోలీచౌకీ నుంచి రాయదుర్గం మీదుగా ఇవన్నీ కూతవేటు దూరం. అయినా ఎన్నో ఇళ్లలో కుర్రవాళ్ల చూపు ఆ దారి మీద పడలేదు, విమానాశ్రయం దారి మీదే పడింది. "పది పాసైతే చాలు, మామయ్య వీసా పంపిస్తాడు" అన్న మాట మేము ఉపాధ్యాయులుగా ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. నైజీరియా రైతు కాడి దించినట్టే మన పిల్లలు పుస్తకం దించారు. పంపిన రియాళ్లు, దిర్హమ్‌లు షాదీఖానాల దీపాల్లో, బంగారంలో, జహేజ్ సామాన్లలో కరిగిపోయాయి. ఒక ఇంటి పెళ్లి ఖర్చు పక్కింటికి కొలబద్ద అయింది. గల్ఫ్ వెళ్లేవాడు లేని ఇంటి ఆడపిల్ల తండ్రి అప్పుల్లో కూరుకుపోయాడు.

అందరూ అలా చేయలేదు. అదే సొమ్ముతో పిల్లలను చదివించిన తండ్రులు ఉన్నారు. హైదరాబాద్‌లో 1980లో ముఫ్ఫఖంజా, 1984లో దక్కన్ ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి. ఎడారి ఎండలో చెమటోడ్చిన తండ్రి పంపిన డబ్బు ఇలాంటి కళాశాలల్లో ఫీజుగా మారిన ఇళ్లలో, కొడుకులూ కూతుళ్లూ ఇవాళ మాదాపూర్ కార్యాలయాల్లో కనిపిస్తున్నారు. ఆ ఇళ్లకు చమురు ధర పడిపోయినా దిగులు లేదు.

మిగతావారికి కరువు సంవత్సరాలు చెప్పకుండానే వచ్చాయి. 1990లో ఇరాక్ దండయాత్రతో కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. 2014లో 100 డాలర్లు దాటి ఉన్న పీపా ధర 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి జారింది. సౌదీ ప్రభుత్వం 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల చొప్పున రుసుము విధించి, ఏటా పెంచుతూ 2020 నాటికి 400 రియాళ్లు చేసింది. ఎన్నో హైదరాబాదీ కుటుంబాలు సామాను సర్దుకున్నాయి.

చమురు ఒక్కటే కాదు, భూమి కూడా ఇలాంటి సిరే. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలం అమ్మి కారు కొన్నవాడికి కారు పాతబడింది, పొలం తిరిగి రాలేదు. ఐటీ కొలువు కూడా శాశ్వతమని భ్రమపడనక్కరలేదు. కొత్తది నేర్చుకోవడం మానితే ఆ ఊటా ఎండిపోతుంది.

కాబట్టి సోదర సోదరీమణులారా, పరదేశం నుంచి డబ్బు వచ్చే ప్రతి ఇంట్లో మొదటి నెల నుంచే ఒక భాగం పిల్లల చదువుకు, ఒక భాగం గడ్డు రోజులకు పక్కన పెట్టాలి. ఆడపిల్ల చదువును జహేజ్ కోసం ఆపకూడదు. నికాహ్‌ను సున్నత్ ప్రకారం నిరాడంబరంగా జరిపితే ఒక్క పెళ్లి ఖర్చుతో ఒక డిగ్రీ చదువు పూర్తవుతుంది. జకాత్ లెక్కగట్టేటప్పుడు ఫీజు కట్టలేని పేద విద్యార్థిని గుర్తుంచుకోవాలి. పేదరికం రాకముందే కలిమిని సద్వినియోగం చేసుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మనకు బోధించారు.

చమురు బావి ఎంత లోతైనా అడుగు ఉంటుంది. విద్య అనే బావి తోడేకొద్దీ ఊరుతుంది. మన సంతానానికి ఆ బావి తవ్వి ఇచ్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.