తెలుగు పేరు మోయు మడపిట్ట

చంటిబిడ్డకు మనము మొదట నేర్పు మాటలలో ‘పిట్ట’ యొకటి. ఆ చిన్నమాట పక్షిశాస్త్ర గ్రంథముల కెక్కిన కథ ముచ్చటైనది. చెన్నపట్టణపు కోటలో వైద్యుడుగా నుండిన బక్లీదొర పంపిన చిత్రమును బట్టి, మన పొన్నంకిపిట్ట 1713లో ఇంగ్లండున నచ్చయిన గ్రంథమునందు తెలుగు పేరుతోనే చేరినది. పిదప లిన్నేయస్ పండితుడు దానిని కాకులలో గలిపెను. అంతటి సొగసుకత్తెను కాకి యనుట కాయనకు మనసెట్లొప్పెనో! 1816లో వియేయో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని కాకులనుండి వేఱుచేసి, ఆ ప్రజాతికి ‘పిట్ట’ యనియే పేరిడెను.

ఆ ప్రజాతిలోనిదే మేము చెప్పదలచిన మడపిట్ట. ఒరిస్సాలోని భితర్కనిక, వంగదేశపు సుందరవనములు మొదలుకొని బర్మా, మలయా తీరముల మీదుగా సుమత్రా వఱకు గల మడయడవులు దాని నివాసము. జానెడు పొడవు. నడినెత్తిన గోధుమవన్నె, కన్నులమీదుగా వెడల్పైన కాటుకపట్టె, తెల్లని గొంతు, ఆకుపచ్చని వీపు, రెక్కలపై మెఱయు నీలము, చందనపుచాయ ఱొమ్ము, తోకక్రింద కుంకుమ. నెమళ్లలో వలె సింగారమంతయు మగదానికే యను నియమము లేదు. ఆడుదియు మగదియు నొక్క తీరే.

ఇంత యలంకారము గలిగియు బ్రదుకు బురదలో. సముద్రపుపోటు తీసిన వేళ, నేలనుండి మేకులవలె పైకి లేచిన మడవేళ్లనడుమ గెంతుచు, పీతలను, నత్తలను, పురుగులను ఏఱుకొని తినును. పెంకుగల తిండి కావున ముక్కు బలిష్ఠము. 1863లో ష్లెగెల్ పండితుడు ‘పెద్దముక్కుది’ యను నర్థము వచ్చునట్లే పేరు పెట్టెను. కంటబడుట యరుదు, రెండు స్వరముల యీలయే దాని జాడ. స్వరయంత్రపు నిర్మాణము వేఱగుటచే శాస్త్రజ్ఞులు దీనిని గానపక్షులలో లెక్కింపరు. వినువారి చెవి కా భేదముతో పనిలేదు.

మడయడవి పోయినచో దీనికి వేఱొక పుట్టిల్లు లేదు. రొయ్యల చెఱువులకును, వంటచెఱకునకును, బొగ్గునకును ఆ చెట్లు నఱకబడుచున్నవి. మన వంటింటి రొయ్య యే నేలలో పెరిగినదో యడుగుట తప్పుగాదని మా యభిప్రాయము. ఆ చెట్లు పిట్టకు మాత్రమే నీడగావు. 1999 అక్టోబరు తుపానునందు కేంద్రపడా మండలమున మడయడవి దట్టముగా మిగిలిన చోట్ల, వెనుకనున్న గ్రామములలో మరణములు తక్కువగా నున్నవని 2009లో వెలువడిన పరిశోధన తేల్చినది.

అచ్చటనే, పొరుగు జిల్లాయగు జగత్సింగపురమునందును, 2024లో తొలిసారిగా మడపిట్టలను లెక్కించిరి. కనబడినవి 179.