వలిసె పూలకు వెదురు ఫ్రేము

నవంబరులో అరకు వెళ్ళారా? కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలే! కెమెరా ఉన్న చేతులు ఊరుకోవు. కానీ చేలోకి దిగకండి. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. మనం తొక్కిన ప్రతి మొక్కా గిరిజన రైతుకి నష్టమే. గట్టు మీంచి తీస్తే పూలతోపాటు వెనక కొండలు, పొగమంచు కూడా వస్తాయి. మనుషుల్ని తీసేముందు అడగండి, ఒక కాపీ పంపండి.

ఇక ఫ్రేముకి వెదురు బద్దలు చాలు. కొన్నాళ్ళు నీళ్ళలో నానేసి నీడన ఆరబెడితే పురుగు అంతగా పట్టదు. మూలలు నారతో బిగించి కట్టండి. ఫొటోకీ అద్దానికీ మధ్య చుట్టూ అట్ట పట్టీ మాత్రం మరవద్దు. మా అమ్మ పెళ్ళి ఫొటో తేమకి అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీయబోతే నాన్న మొహం సగం అద్దంతోనే వచ్చేసింది!