గూగుల్ల దొరికిన ఫోటో ఎవలిది?

పోయిన పత్తి ఏరుడు కాలంల మా పెద్దమ్మ చేన్ల పత్తి ఏరుతుంటే నేనొక ఫోటో తీసిన. పొద్దుగూకే ఎండ, నడుముకు కట్టిన ఒడి నిండ పత్తి, ముఖం మీద చెమట. ఫోన్‌తోని తీసిందే గని మస్తు వచ్చింది. ఫేస్‌బుక్‌ల పెట్టిన. లైకులు వచ్చినయి, నేను మర్చిపోయిన.

రెండు నెలలకు భీవండి కెళ్లి మా అక్క ఫోన్. పెద్దమ్మ బిడ్డ ఆమె, ఆడ మరమగ్గాల కాడ బతుకుతున్నరు. ఏడుస్తున్నది. "తమ్మీ, అమ్మకు ఏమైందిరా? నాకెందుకు చెప్తలేరు?" అన్నది. నాకేం సమజ్ కాలే. అక్క లింక్ పంపినంక తెలిసింది. ఒక యూట్యూబ్ చానెలోడు, అప్పుల బాధకు పానం తీసుకున్న ఆడరైతు మీద వీడియో చేసిండు. పైన థంబ్‌నెయిల్ నా ఫోటో. మా పెద్దమ్మ ముఖం చుట్టూ ఎర్ర గీత, పక్కపొంటి బాణం గుర్తు. పెద్దమ్మేమో గప్పుడు ఇంటి ముంగట కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. ఫోన్ ఆమె చేతికిచ్చి మాట్లాడిపిస్తే గని అక్క ఏడుపు ఆగలే.

చానెలోనికి మెసేజ్ పెట్టిన. వాడు మంచిగనే మాట్లాడిండు. "అన్నా, పత్తి ఏరే ఆడోళ్లు అని గూగుల్ల కొడితే వచ్చింది. గూగుల్ల ఉన్నదంటే అందరిదే కదా. కింద సౌజన్యం గూగుల్ అని గూడ రాసిన."

వాన్ని నాలుగు మాటలు అందామంటే నోరు రాలే. ఎందుకంటే మూడేండ్ల కింద నేను గూడ గిదే పని చేసిన. మా యూత్ బతుకమ్మ ఫ్లెక్సీ కోసమని ఎవలో తీసిన ఫోటో దింపుకోని, మూలకున్న పేరు కనవడకుండ కత్తిరించి వేసిన. ఆ పేరేందో ఇప్పుడు నాకు యాదికి గూడ లేదు. ఆ ఫోన్ వచ్చినంకనే కూసోని చట్టం సదివిన. సదివింది మీకు చెప్త.

మొదలు గీ గూగుల్ ముచ్చట. గూగుల్ ఫోటోలు తియ్యదు. యాడున్నయో చూపెడతది, గంతే. "సౌజన్యం గూగుల్" అని రాసుడంటే, బస్టాండ్ల ఆపిన ఎవల సైకిలో తీస్కపోయి దాని మీద "సౌజన్యం బస్టాండ్" అని రాసినట్టే.

మన దేశంల 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త అంటే దాన్ని తీసిన మనిషి. బటన్ ఒత్తంగనే హక్కు పుడతది. రిజిస్ట్రేషన్ అక్కెర లేదు, గుండ్రంల సీ అక్షరం గుర్తు పెట్టుడు అక్కెర లేదు. లక్ష రూపాయల కెమెరా అయినా, పదివేల ఫోన్ అయినా లెక్క ఒక్కటే. పత్రికల నౌకరి చేసుకుంట తీసిన ఫోటో అయితే, వేరే ఒప్పందం లేకుంటే, అచ్చేసుకునే హక్కు పత్రిక ఓనర్‌ది. ఇంకో సంగతి చానా మందికి తెల్వదు. పైసలిచ్చి తీపిచ్చుకున్న పెండ్లి ఫోటోల మీద, వేరే తీర్ల మాట్లాడుకోకపోతే, మొదటి హక్కు పైసలిచ్చినోళ్లదే. స్టూడియో అన్నలు తమ పేజీల పిల్లా పిలగాని ఫోటోలు పెట్టుకోవాల్నంటే ముందే కాగితం మీద రాపిచ్చుకుంటే ఇద్దరికీ మంచిది.

ఈ హక్కు తీసినోళ్లు బతికినన్ని రోజులు ఉంటది, వాళ్లు పోయినంక ఇంకో 60 ఏండ్లు ఉంటది. 2012ల చట్టం మార్చినప్పుడు ఫోటోలకు గీ లెక్క వచ్చింది. అంతకుముందు ఫోటో బయటికొచ్చిన కాన్నుంచి 60 ఏండ్లే.

"పేరు రాసిన కదా" అంటరు. పేరు రాసుడు వేరు, అడుగుడు వేరు. ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు. రంగులు మార్చినా, అద్దంల లెక్క తిప్పినా, దాని మీద పెద్దక్షరాలు రాసినా ఫోటో మనదైతలేదు. నేను చేసినట్టు మూలకున్న పేరును ఎరుకతోని తీసేసుడు ఇంకా పెద్ద తప్పు. 2012లనే చట్టంల 65బి అని కొత్త సెక్షన్ పెట్టిన్రు, దానికి రెండేండ్ల దాక జైలు, జుర్మానా ఉన్నది. మామూలుగ కాపీరైట్ ఉల్లంఘనకు 63 సెక్షన్ కింద ఆరు నెలల కెళ్లి మూడేండ్ల దాక జైలు, 50 వేల కెళ్లి 2 లక్షల దాక జుర్మానా. యాపారం కోసం చెయ్యలేదని తేలితే కోర్టు శిక్ష తగ్గియ్యొచ్చు. అట్లని తప్పే కాదని మాత్రం చట్టం అంటలేదు.

నిజం చెప్పాల్నంటే ఫోటో కోసం జైలుకు పోయినోన్ని మా దిక్కు నేను చూడలే. మనసొంటోళ్లకు తగిలే దెబ్బ వేరే ఉన్నది, స్ట్రైక్. హక్కున్న మనిషి యూట్యూబ్ ఫారం నింపితే సాలు, వకీల్ అక్కెర లేదు, పైస ఖర్చు లేదు. 90 రోజుల లోపల మూడు స్ట్రైకులు పడితే చానెలే పోతది. రెండేండ్లు కష్టపడి పెంచుకున్న చానెల్ ఒక్క థంబ్‌నెయిల్ బొమ్మ కోసం పోగొట్టుకుంటరా?

చట్టంల సందు లేదని కాదు. సొంతంగ సదువుకునేటందుకు, విమర్శ రాసేటందుకు, జరుగుతున్న వార్త చెప్పేటందుకు తగినంత వాడుకోవచ్చని 52వ సెక్షన్ అంటది. ఒకల ఫోటో మంచిగున్నదా, అబద్ధమా అని మాట్లాడాల్నంటే ఆ ఫోటో చూపెట్టక తప్పదు కదా, గసొంటిది అన్నట్టు. వీడియోకు సోకు కోసం సంబంధం లేని ఫోటో అతికిచ్చుడు ఆ లెక్కలకు రాదు.

ఏటేటా సెప్టెంబర్ 17 వస్తే మన ఫోన్లన్నీ సాయుధ పోరాటం ఫోటోలతోని నిండుతయి. తుపాకులు పట్టిన ఆడోళ్లు, దళాలు. అందుల పేరువడ్డ ఫోటోలు సునీల్ జనా అనే మనిషి తీసినయి. కమ్యూనిస్టు పార్టీ పత్రికకు ఫోటోలు తీసేటోడు. 1943ల బెంగాల్ కరువును గూడ లోకానికి చూపెట్టిండు. 2012ల అమెరికాల పోయిండు. అంత పాత ఫోటోల హక్కుల గడువు లెక్క వేరే ఉంటది, దాని జోలికి నేను పోత లేను. గని కర్తకు తన పేరు చెప్పుమని అడిగే హక్కును చట్టం వేరేగ ఇచ్చింది, ఫోటో అమ్ముకున్నా అది పోదు. పోరాటం మనది అంటం, దాన్ని మన కండ్ల ముంగట నిలబెట్టినోని పేరు ఒక్క పోస్టుల గూడ రాయం. నాకైతే ఇది చట్టం కన్న పెద్ద లోటు అనిపిస్తది.

ఎవల్ని అడగకుండ వాడుకునేటియి గూడ ఉన్నయి. రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం దర్బారుల ఫోటోగ్రాఫర్, 1905ల పోయిండు. ఆయన తీసిన పాత హైదరాబాద్ ఫోటోలకు గడువు ఎప్పుడో అయిపోయింది. వికీమీడియా కామన్స్‌ల మన గుళ్లు, కోటలు, చెరువుల ఫోటోలు మస్తు ఉన్నయి. చానా వరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ మీద పెట్టినయి. అంటే తీసినోళ్లు ముందే "తీస్కోన్రి, గని నా షరతు గిది" అన్నట్టు. బీవై అని ఉంటే పేరు రాయాలె. ఎస్ఏ ఉంటే, దాన్ని మార్చి మీరు చేసింది గూడ అదే షరతు మీద ఇయ్యాలె. ఎన్‌సీ ఉంటే పైసల కోసం వాడొద్దు, యాడ్లు వచ్చే చానెలోళ్లు దాని జోలికి పోకున్రి. ఎన్‌డీ ఉంటే మార్చొద్దు. గూగుల్ ఇమేజెస్‌ల టూల్స్ ఒత్తి యూసేజ్ రైట్స్‌ల క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే గసొంటియే వస్తయి. వచ్చినంక గూడ అసలు పేజీకి పోయి షరతు సదువుకోవాలె.

మిగిలినయి అడగాలె. అడుగుడు మనం అనుకున్నంత కష్టం కాదు. గూగుల్ లెన్స్‌ల ఫోటో పెడితే అది ముందుగాల యాడ వచ్చిందో శానసార్లు దొరుకుతది. పోయిన బోనాలప్పుడు ఒక ఫోటోగ్రాఫర్‌కు ఇన్‌స్టాగ్రామ్‌ల గిట్ల రాసిన: "అన్నా నమస్తే. మాది చిన్న ఊరి పేజీ, యాడ్లు లేవు. మీ పోతరాజు ఫోటో ఒక్కసారి వాడుకుంటం, కింద మీ పేరు రాస్తం. సరేనా?" గంటల జవాబు వచ్చింది. సరే అన్నడు, ఇంకా పెద్ద సైజుల ఫోటో పంపిండు. ఇంకో ఆయన వద్దన్నడు. ఇద్దరి మెసేజ్‌లు నా ఫోన్ల దాచిపెట్టిన. ఒప్పుకున్నోళ్ల మాట రేపు అక్కెరకొస్తది.

నా ఫోటో సంగతి? యూట్యూబ్‌కు ఫారం నింపేటాల్లకు చానెలోడే తీసేసిండు. సారీ అన్నా అని పెట్టిండు.

పెద్దమ్మకు ఇదంత చెప్పుకుంట, ఫోటో తీసినోన్ని అడగకుండ వాడుకునుడు తప్పు పెద్దమ్మా, హక్కు నాది అన్న. ఆమె చిక్కుడుకాయ పక్కకు వెట్టి నా దిక్కు చూసింది. "మరి ముఖం ఎవలిదిరా? నువ్వు ఫోన్ల పెట్టేటప్పుడు నన్ను అడిగినవా?" అన్నది.

అడగలే. కాపీరైట్ చట్టం తీసినోని గురించి మాట్లాడతది గని ఫోటోల ఉన్న మనిషి గురించి ఎక్కువ మాట్లాడదు. ఆమె దిక్కు మాట్లాడేది వేరే. ప్రైవసీ గూడ ప్రాథమిక హక్కే అని 2017ల సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద చెప్పిన్రు. బతికున్న మనిషిని సచ్చిపోయినట్టు చూపెట్టి ఇజ్జత్ తీస్తే పరువు నష్టం కింద కొట్లాడొచ్చు. గివన్ని నాకు సదివినంకనే తెలిసినయి. పెద్దమ్మకు సదవకుండనే తెలుసు.

ఆ రాత్రి ఫేస్‌బుక్‌ల కెళ్లి ఫోటో తీసేసిన. మొన్న మళ్ల చేనుకు పోయినప్పుడు ముందే అడిగిన, ఒకటి తియ్యాల్నా అని.

"ఆగు," అన్నది, "కొప్పు సక్కగ పెట్టుకోనియ్యి."