పక్క బోరు సాక్ష్యం ఎంతవరకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బోరు వేయించే రైతు మొదట ఆరా తీసేది పక్క పొలం సంగతే: ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి? అడగాల్సిన మాటే. ఇక్కడ నేల కింద చాలావరకు గ్రానైట్ జాతి గట్టి రాయి. నీళ్లుండేది దాని పగుళ్లలో. ఒకే పగులు రెండు పొలాల కిందా సాగితే రెండు బోర్లలోనూ నీళ్లు పడతాయి. అది పక్కకు తప్పుకుంటే కొద్ది గజాల దూరంలోనే బోరు ఫెయిలవుతుంది. కాబట్టి దగ్గరితనానికి ఎంత బలముందో ఊహించకూడదు, పరీక్షించి తేల్చాలి.

సాధారణ గణాంక పద్ధతులు ప్రతి కొలతనూ విడి సాక్షిగా లెక్కిస్తాయి. ఒకే పగులు మీదున్న వంద బోర్లు వందమంది సాక్షులు కావు. ఆ సంగతి మరిస్తే, బోరు లోతుకూ నీటిలోని ఫ్లోరైడుకూ లేని సంబంధం కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ పొరుగు పోలికను కొలిచే సూచికను 1950లో గణాంకవేత్త మొరాన్ అందించాడు. సగటు లోతు 700 అడుగులనుకుందాం. ఒక బోరు 900, పొరుగుది 850 అయితే తేడాలు 200, 150. వాటి లబ్ధం 30,000, ధనసంఖ్య. పొరుగుది 600 అయితే లబ్ధం రుణసంఖ్య. ఇలా పొరుగు జంటలన్నిటి లబ్ధాలనూ కూడి, మొత్తం హెచ్చుతగ్గులతో తూకం వేస్తారు. తర్వాత కంప్యూటర్ ఆ లోతులనే బోర్ల మధ్య 999 సార్లు కలగాపులగంగా పంచుతుంది. అసలు విలువ వాటన్నిటినీ మించితే, ఆ పోలిక కాకతాళీయం కాదనుకోవచ్చు.

ఫ్లోరైడు హెచ్చుతగ్గులకు లోతు, వర్షపాతం వంటి కారణాలతో నమూనా కట్టాక, అది వివరించలేని మిగులు తేడాలకూ ఈ పరీక్ష అవసరం. ఇక్కడ మన తెలుగు గణాంకవేత్త సి.ఆర్.రావు పని అక్కరకొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1948లో స్కోర్ పరీక్షను ప్రతిపాదించారు. పొరుగు ప్రభావం లేదనుకున్న సులువైన నమూనా ఒక్కటి కడితే చాలు, ఆ ప్రభావం ఉందో లేదో పరీక్షించవచ్చు. మిగులు తేడాలపై మొరాన్ పరీక్ష సారాంశంలో రావు స్కోర్ పరీక్షేనని 1980లో బర్రిడ్జ్ అనే పరిశోధకుడు చూపాడు.

ఎవరిని పొరుగుగా లెక్కిస్తామన్నదీ కీలకమే. కుప్పానికి ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు. రాష్ట్రం హద్దు దగ్గరే కొలతలు ఆపేస్తే అసలు పొరుగు బోర్లెన్నో లెక్కలోంచి జారిపోతాయి. కోలారు, కృష్ణగిరి వైపు కొలతలూ చేర్చాలి.

మ్యాపులో మండలాలకు రంగులేసి కారణాలు చెప్పే ఏ నివేదికనైనా రెండు ప్రశ్నలు అడగండి: పొరుగును ఎలా నిర్ణయించారు? మిగులు తేడాలను పరీక్షించారా? అలాంటి నివేదికలను నమ్మి అప్పు చేసి బోరు వేయించే రైతుకు ఆ జవాబులు దక్కాలి.