పాలమూరు దారుల్లో సైకిల్ సవారీ: మాకు నచ్చిన నాలుగు బాటలు



"సైకిలా? ఇంకా ఆ రోజులేనా?" అని చాలామంది నవ్వుతారు. ఇంటికి మోటారు సైకిల్ వచ్చిన రోజునే పాత సైకిల్ పశువుల కొట్టం వెనక్కి పోతుంది. కొన్నేళ్ళు గడిచాక బి.పి., షుగర్ మందుల చీటీ ఇంట్లోకి వస్తుంది. అన్ని జబ్బులకూ కదలకపోవడమే కారణమని మేము అనము. కానీ అది పెద్ద కారణాల్లో ఒకటి.

ఆసుపత్రి సిబ్బందిలో కొందరం, సంఘ కుటుంబాలవారు కొందరు కలిసి, వీలున్న సెలవు రోజుల్లో తెల్లవారుజామున సైకిళ్ళ మీద బయలుదేరుతుంటాము. అలా తిరిగిన దారుల్లో మాకు బాగా నచ్చినవాటిని మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

కొండల మీద సైకిల్ తొక్కడాన్ని ఇప్పుడు మౌంటెన్ బైకింగ్ అంటున్నారు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత సైకిళ్ళకు లావు టైర్లు బిగించి మట్టిబాటల్లో కొండ దిగడంతో ఈ ఆటకు ఊపు వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో దీనికి చోటు దొరికింది. అయితే రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని, గేర్లు లేని సైకిల్ మీద రాళ్ళ దారిలో వచ్చే మన పాలాయనకు ఇది కొత్త విద్యేమీ కాదు! మీ దగ్గర మామూలు సైకిల్ ఉన్నా ఫర్వాలేదు. బ్రేకులు బాగుంటే చాలు.

1. గద్వాల – జూరాల

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నేలను మనవాళ్ళు నడిగడ్డ అంటారు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోట దగ్గర బయలుదేరి వాయవ్యంగా వెళితే కృష్ణ మీద ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వస్తుంది. పోను రాను 35 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దారి చాలావరకు చదునుగా ఉంటుంది కాబట్టి కొంత అలవాటైనవారికి అనువైనది. వానాకాలంలో పడమటి గాలి ఎదురు కొడుతుంది. వెళ్ళేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. గేట్లు ఎత్తిన రోజుల్లో జనం, వాహనాలు ఎక్కువ. ఆ రోజుల్లో సైకిల్ దిగి నడవడమే మంచిది. అక్కడి వేడి వేడి చేపల వేపుడు సంగతి మేము చెప్పనక్కరలేదు.

2. వనపర్తి – పెబ్బేరు – శ్రీరంగాపురం

చెరువు ఒడ్డున రంగనాయకస్వామి ఆలయ గోపురం, నీళ్ళలో దాని నీడ, చుట్టూ వరి మడులు, కొంగలు. ఒకవైపే 20 కిలోమీటర్లు దాటుతుంది. పెబ్బేరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కవద్దు. అక్కడ లారీల వేగం సైకిల్‌కు ప్రమాదం. కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదనే ఆరబోస్తారు. వడ్ల మీద చక్రం ఇట్టే జారుతుంది. పట్టాలకు అడ్డుగా పెట్టిన రాళ్ళు మసక వెలుతురులో కనిపించవు.

ఇంకో మాట. ఈ జిల్లాలోనే ఉన్న సరళాసాగర్ కట్ట 2019 డిసెంబరు 31న తెగిపోయింది. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఏ కట్ట మీదా, పారుతున్న ఏ అలుగులోనూ సైకిల్‌తో సాహసం చేయకండి.

3. కొల్లాపూర్ – సోమశిల

దూరం తక్కువ, అందం ఎక్కువ. మామిడి తోటలు దాటి ఎగుడు దిగుడు దారిలో వెళితే ఒక్కసారిగా శ్రీశైలం జలాశయపు నీళ్ళు, అవతల నల్లమల కొండలు కనిపిస్తాయి. దిగుడులో వెనుక బ్రేకుతో పాటు ముందు బ్రేకును మెల్లగా నొక్కాలి. ముందుదాన్నే గట్టిగా నొక్కితే తలకిందులుగా పడతాము. దిగినదంతా తిరిగి ఎక్కాలని మరచిపోకండి.

4. అచ్చంపేట – మన్ననూరు

ఇది బాగా అలవాటైనవారికే. అమ్రాబాద్ గుట్టల ఎక్కుడు ఊపిరితిత్తులకు పరీక్ష పెడుతుంది. మన్ననూరు దాటితే పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అడవి బాటల్లోకి పోకూడదు. ఫర్హాబాద్ చూడాలంటే వారి సఫారీ వాహనంలోనే వెళ్ళండి. రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డు మూసి ఉంటుంది. మేము చెక్‌పోస్టు దగ్గరే టీ తాగి వెనక్కి తిరుగుతాము.

మేము నేర్చుకున్న పాఠం

ఒక జూలై ఉదయం జూరాల దారిలో, ఎదురుగాలిలో, మాతో వచ్చిన యాభై రెండేళ్ళ అన్న ఒకరు సైకిల్ ఆపి వేపచెట్టు కింద కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "గ్యాస్ పట్టినట్టుంది, సోడా తాగితే పోతది, మీరు నడువుండ్రి" అన్నారు. మాలో ఇద్దరు సోడా కోసం లేచారు కూడా. ఇంతలో మా నర్సమ్మ, "ఎడమ చెయ్యి ఎందుకు పిసుక్కుంటున్నావన్నా?" అని అడిగింది. వెంటనే 108కి ఫోన్ చేశాము. ఇ.సి.జి.లో గుండెపోటు అని తేలింది. ఆ రోజే హైదరాబాద్ పంపి స్టెంట్ వేయించారు.

అంతకు ముందు ఆయన ఏనాడూ షుగర్ పరీక్ష చేయించుకోలేదు. ఆ పరీక్ష చేయించుకొమ్మని మేమూ అడగలేదు. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా అడగలేదన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది. డాక్టరు అనుమతితో ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. మొదట నడక, తరువాత ఊరి చుట్టూ రెండు కిలోమీటర్ల సైకిల్. ఇప్పుడు జూరాల దాకా వస్తున్నారు. కొత్తవాళ్ళెవరు వచ్చినా, "షుగర్, బి.పి. చూపించుకున్నావా?" అని మొదట అడిగేది ఆయనే.

బయలుదేరే ముందు

• నలభై దాటినవారు, షుగర్, బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును కలవండి.

• ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. అది ఊరి రోడ్డు మీద కూడా చేయవచ్చు.

• ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కవద్దు. జేబులో గ్లూకోజు గానీ చక్కెర గానీ ఉంచుకోండి. వణుకు, చెమటలు వస్తే ఆగి వెంటనే తీసుకోండి.

• ఎండాకాలంలో ఎండ ముదరకముందే ఇల్లు చేరండి. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ, నీళ్ళు తాగుతూ ఉండండి.

• హెల్మెట్ తప్పనిసరి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగానే వంగేలా సీటు ఎత్తు పెట్టండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళ నొప్పులు వస్తాయి.

• తుమ్మముళ్ళు, పల్లేరు కాయలు మన దారుల్లో మామూలే. గాలి పంపు, ప్యాచీలు వెంట ఉంచుకోండి.

• కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టకండి. 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు టీకాకు రండి.

• ఛాతీలో బరువు, చెయ్యి లేదా దవడ లాగడం, చల్లని చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కొట్టం వెనుక ఉన్న సైకిల్‌ను ఈ వారమే బయటికి తీయండి. దుమ్ము తుడిచి, చైనుకు నూనె వేసి, గాలి కొట్టించండి. జూరాల ఎక్కడికీ పోదు. మొదట వీధి చివరి దాకా వెళ్ళి రండి.